స్టిక్కరుగా మారిన ఫొటో

ప్రశ్న: మా హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలు తోటి అమ్మాయి ఫొటోతో వాట్సాప్ స్టిక్కర్లు చేసి ఏడిపిస్తున్నారు. ఆ అమ్మాయి బడికి రావడం మానేసింది. ఆన్‌లైన్‌లో దొరికే వాటితో పిల్లలకు ఎలా అర్థమయ్యేలా చెప్పాలి?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: టీచర్ గారూ, పాఠం సంగతి తర్వాత, ముందు ఆ అమ్మాయి ఇంటికి వెళ్లండి. ఫోన్ లాక్కోవద్దని తల్లిదండ్రులకు గట్టిగా చెప్పండి. ఫోన్ పోతుందన్న భయంతోనే చాలామంది పిల్లలు నోరు విప్పరు. నంబరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీశాకే బ్లాక్ చేయించండి. ఫొటోను అసభ్యంగా మార్చి ఉంటే మాత్రం, సాక్ష్యం కోసమని కూడా ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. నేరుగా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయించండి. పిల్లల సాయానికి 1098 హెల్ప్‌లైన్ ఉంది. 18 ఏళ్లలోపు వారి నగ్న చిత్రాలు ఇన్‌స్టాగ్రామ్ లాంటి చోట్ల పాకకుండా 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ పనికొస్తుంది. అందులో ఫొటో మన ఫోన్ దాటదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది.

ఇక తరగతి. 2020లో ఎన్‌సీఈఆర్‌టీ, యునెస్కో కలిసి తెచ్చిన ఆన్‌లైన్ భద్రత పుస్తకం ఉచితంగా దొరుకుతుంది. చిన్న తరగతులకైతే గూగుల్ 'ఇంటర్‌ల్యాండ్' ఆట బాగుంటుంది. వీడియో వేసి వదిలేస్తే లాభం లేదు. కల్పిత గ్రూపు సంభాషణ ఒకటి బోర్డు మీద రాయండి: ఒకడు ఓ అమ్మాయి ఫొటోతో స్టిక్కర్ పెట్టాడు, ఆరుగురు నవ్వు ఎమోజీలు పెట్టారు, మిగతావాళ్లు చూసి ఊరుకున్నారు. 'ఆరో ఎమోజీ చూసేసరికి ఆ అమ్మాయికి ఎలా ఉంటుంది?' అని అడగండి. ఊరుకున్నవాళ్లతోనే ఎక్కువసేపు మాట్లాడించండి, మార్పు అక్కడే మొదలవుతుంది. మీ విద్యార్థిని ఉదంతాన్ని మాత్రం దయచేసి ఉదాహరణగా తీసుకోకండి.