చంద్రుని ఆవలి ముఖమున మిత్రా బిలము

బోయిన్‌పల్లి నుండి చూచినను, భూమిపై మరే ఊరి నుండి చూచినను చంద్రుడు మనకు ఒక్క ముఖమునే చూపును. ఆయన భూమిని ఒకసారి చుట్టివచ్చుటకు సుమారు 27.3 దినములు పట్టును. తన చుట్టు తాను ఒకసారి తిరుగుటకును అంతే కాలము పట్టును. అందువలననే ఆవలి ముఖము మనకు మరుగు. కొందరు దానిని చీకటి ముఖమందురు. అది సరికాదు. అమావాస్యనాడు మనవైపు చీకటియై యుండగా ఆవలివైపున పట్టపగలు.

మానవుడు ఆ ముఖమును తొలిసారి చూచినది 1959 అక్టోబరులో సోవియట్ నౌక లూనా-3 తీసిన ఛాయాచిత్రములలో. అచ్చట అంతరిక్ష శిలల తాకిడికి ఏర్పడిన బిలములు మెండు. గాలివానలు లేనందున అవి చెరిగిపోలేదు. వానికి అల్ ఖ్వారిజ్మీ, ఇబ్న్ సీనా, సాహా, భాభా మున్నగు శాస్త్రజ్ఞుల పేర్లు పెట్టిరి. అట్టి వానిలో ఒకటి మిత్రా బిలము. దాని వ్యాసము సుమారు 92 కిలోమీటర్లు. సికిందరాబాదు నుండి సిద్దిపేటకు గల దూరమునకు ఇంచుమించు సమానము.

శిశిర్ కుమార్ మిత్రా (1890–1963) కలకత్తా విశ్వవిద్యాలయమున ఆచార్యులు. భూమిపై ఎత్తున నున్న ఐనోస్ఫియర్ అను వాయుపొరను పరిశోధించిరి. ఈ పొర హ్రస్వ రేడియో తరంగములను తిరిగి నేలకు పంపును. ఒకప్పుడు సిలోను రేడియో పాటలు మన ఇండ్లకు చేరినది దాని చలవవలననే. చంద్రునికి అంత దట్టమైన పొర లేదు. ఆవలి ముఖమునకు భూమి రేడియో పలుకులు నేరుగా చేరవు. రేడియో తరంగములకు దారి చూపిన పొరను శోధించిన వాని పేరు, మన రేడియో చేరని చోట నిలిచినది!

2019 జులై 22న శ్రీహరికోట నుండి బయలుదేరిన చంద్రయాన్-2, ఆగస్టు 23న సుమారు 4,375 కిలోమీటర్ల ఎత్తు నుండి ఈ బిలమును ఛాయాచిత్రము తీసినది.

విద్యార్థులారా! ఐనోస్ఫియర్ కంటికి కనబడునది కాదు. తరంగమును పైకి పంపి, అది తిరిగివచ్చుటకు పట్టిన కాలమును కొలిచి దాని ఎత్తును కనుగొందురు. కనబడనిది లేదనుట తొందరపాటు. కొలువక ఉన్నదనుటయు తొందరపాటే. ఈ భేదము పుస్తకమున చదివినంత మాత్రమున ఒంటబట్టదు. కావున కళాశాలకు ఒక చిన్న దూరదర్శినిని సమకూర్పవలసినదిగా కార్యవర్గమును కోరుచున్నాము. దానితో మిత్రా బిలము కనబడదు. అయినను అష్టమినాటి చంద్రునిపై వెలుగునీడల సరిహద్దున ఈవలి బిలములు చక్కగా కనబడును. వాని నీడలను కొలుచుటతో మన పాఠమును ఆరంభింతము.