మితభాషియు నాయకుడును

తరగతి నాయకుని నెన్నుకొను దినమున మనము పెద్దగొంతు గలవానివంకనే చూతుము. వెనుకబల్లపై నూరకుండు బాలుని తలంచువారు తక్కువ. ఈ యలవాటు సరియైనదేనా యని విచారింతము.

స్విట్జర్లండు దేశపు మనశ్శాస్త్రజ్ఞుడగు కార్ల్ యూంగు 1921లో ప్రకటించిన గ్రంథమున మనుష్యుల చిత్తవృత్తిని రెండు తెరగుల వర్ణించెను. చిత్తము వెలుపలి జనులవైపు, వస్తువులవైపు ప్రసరించువాడు బహిర్ముఖుడు. తన యాలోచనలవైపు మరలువాడు అంతర్ముఖుడు. అంతర్ముఖుడనగా పిరికివాడని యర్థము కాదు. మనలో ననేకులము ఈ రెంటికి నడుమ నుందుము.

ఆ 1921వ సంవత్సరముననే, నవంబరులో, మన సుల్తాన్ బజారు ప్రాంతమందలి వివేకవర్ధినీ నాటకశాలలో సంఘసంస్కార సభ జరిగెను. కర్వే పండితుడు అధ్యక్షుడు. ఇతర భాషల యుపన్యాసములను ఓపికతో వినిన సభ, ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ నారంభింపగనే గేలిచేసెను. ఆ రాత్రియే తెలుగువారు కొందరు కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి.

వారిలో మాడపాటి హనుమంతరావుగా రొకరు. న్యాయవాది; సౌమ్యుడని పేరు. ఆయన యూంగు చెప్పిన యే తెగవారో తేల్చుట మా పని కాదు గాని, ఆయన పని తీరు చూడదగినది. ఉత్తరములు వ్రాయుట, గ్రంథాలయములకు తోడ్పడుట, వెట్టిచాకిరినిగూర్చి చిన్నపుస్తకము లచ్చొత్తించుట - చప్పట్లు రాని పనులు! 1928లో తెలుగు బాలికలకు పాఠశాల నెలకొల్పిరి. నాటి సంస్థానమున ఉన్నతవిద్య చాలవరకు ఉర్దూలో సాగుచుండెను. తెలుగున చదివినవారికి పరీక్ష యెట్లు? ఆయన పూనాలోని కర్వేగారి మహిళా విశ్వవిద్యాలయముతో సంబంధము కుదిర్చిరి. ఏ సభలో తెలుగు గేలికి గురియయ్యెనో, ఆ సభాధ్యక్షుని విద్యాలయమే తెలుగు బాలికలకు దారి చూపెను.

అట్లని వక్తలు వలదనము. పల్లెలలో భయముతో నోరు మెదపని రైతులను ఆంధ్రమహాసభలోనికి రాబట్టుటకు రావి నారాయణరెడ్డిగారివంటి జనాకర్షకులు కావలసివచ్చిరి.

2011లో ఆడం గ్రాంటు మొదలగు అమెరికా పండితులు పిజ్జా యను రొట్టెల దుకాణములను పరిశీలించిరి. (నాయకత్వమును రొట్టెల లాభముతో కొలుచుట మాకును వింతగానే తోచెను.) పనివారు చెప్పినంత మాత్రమే చేయుచోట బహిర్ముఖుడగు యజమానికి లాభ మెక్కువ, వారే క్రొత్త యూహలు తెచ్చుచోట తక్కువ మాటలాడువానికి ఎక్కువ. అట్టివాడు వారి మాట వినును గదా!

మా తరగతులలో నెవ్వరును చెప్పకయే పుస్తకములకు అట్టలు వేయు పిల్లలు, మొక్కలకు నీరు పోయు పిల్లలు పలువురున్నారు. రాబోవు ఎన్నికలో వారిపై ఎవ్వరిని నిలుపుదురో చూడవలెనని మాకు కుతూహలముగా నున్నది.