బడి గంటతో ఆగని ఏడిపింపు

"మా రోజుల్లో ఇవన్నీ మామూలే. మేం పెద్దవాళ్లం కాలేదా?" బుల్లీయింగ్ గురించి ఎత్తితే చాలు, ఇంట్లో పెద్దలు అనే మాట ఇది. ఇందులో ఎంత నిజం ఉందో చూద్దాం.

అసలు బుల్లీయింగ్ అంటే ఏమిటి? తెలుగులో దానికి సరిగ్గా అతికే మాట దొరకదు. 'ఏడిపించడం' అంటే సరదా కూడా కలిసిపోతుంది, 'వేధించడం' అంటే పోలీసు కేసులా వినిపిస్తుంది. 1970ల నుంచి నార్వేలో దీన్ని పరిశోధించిన డాన్ ఓల్వియస్ మూడు గుర్తులు చెప్పారు: కావాలని బాధపెట్టడం, పదే పదే జరగడం, ఇద్దరి బలం సమానంగా లేకపోవడం. సమ ఉజ్జీలు తన్నుకుంటే అది గొడవ. తిరిగి అనలేనివాణ్ణి రోజూ అంటుంటే అది బుల్లీయింగ్.

మా నాన్న 1980ల్లో పల్లెటూరి హైస్కూల్లో చదివారు. అప్పటి పేర్లు అడిగితే నవ్వుతూ చెప్పుకొచ్చారు: సోడాబుడ్డి, బొండాం, కర్రోడు, నత్తోడు. కొందరినైతే కులం పేరుతోనే పిలిచేవారట. 'నత్తోడు' ఏడో తరగతిలోనే బడి మానేశాడట. ఎందుకని అడిగాను. "ఏమో, ఎవరూ అడగలేదురా" అన్నారు, ఈసారి నవ్వకుండా.

స్టాటిస్టిక్స్‌లో మనం చదివే సర్వైవర్‌షిప్ బయాస్ ఇదే. తిరిగొచ్చిన విమానాలనే లెక్కపెడితే కూలిపోయినవి లెక్కలోకి రావు. "మేం పెద్దవాళ్లం కాలేదా" అని అడిగేది తట్టుకుని నిలబడ్డవాళ్లే. కాబట్టి పాతకాలం బంగారు కాలమేమీ కాదు.

అయితే అప్పట్లో ఒక సౌకర్యం ఉండేది. సాయంత్రం గంట కొడితే ఆ రోజుకు అది అయిపోయేది. ఇంటి దగ్గర అమ్మ, వీధిలో వేరే నేస్తాలు, ఆ పైన వేసవి సెలవులు. ఇప్పుడు ఏడిపించేవాడు ఫోన్‌లో ఇంటికొచ్చి, దిండు పక్కనే పడుకుంటున్నాడు.

ఓల్వియస్ చెప్పిన మూడు గుర్తులూ ఇప్పుడు రూపం మార్చుకున్నాయి. పదే పదే అనాల్సిన పని లేదు. ఒక్క ఫొటోను స్టిక్కర్ చేసి వదిలితే, మిగతా పని ఫార్వర్డ్‌లు చేస్తాయి. బలం అంటే కండ కాదు. పేరు తెలియని అకౌంట్, గ్రూప్‌లోంచి తీసేయగల అడ్మిన్ హోదా కూడా బలమే. ఇక 'కావాలని' అన్నది పట్టుకోవడం మరీ కష్టం, ఎందుకంటే ఫార్వర్డ్ చేసిన ప్రతివాడూ "జోకే కదా బ్రో" అంటాడు.

చట్టాలు లేక కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. యూజీసీ 2009 నిబంధనలకు 2016లో చేసిన సవరణ ప్రకారం రంగు, కులం, ప్రాంతం, భాష, రూపం, ఆర్థిక స్థితి వంటివి చూసి తోటి విద్యార్థిని వేధించినా, వెలివేసినా అది ర్యాగింగే. అంటే యాసను వెక్కిరించడం కూడా అందులోకి రావచ్చు. కానీ యూజీసీ నిబంధనలు కాలేజీల కోసం. బడికెళ్లే మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ ఉంది. ఆన్‌లైన్ వేధింపులైతే సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

రెండు తరాల్లోనూ మారనిది ఒకటుంది: చుట్టూ నిలబడి చూసేవాళ్లు. ఫిన్లాండ్‌లో క్రిస్టినా సాల్మివల్లి బృందం 1996లో వీళ్ల పాత్రలను విడదీసి చూపించింది. కొందరు చేయి కలుపుతారు, కొందరు నవ్వి ఊతమిస్తారు, కొందరు తప్పుకుంటారు, కొందరు అడ్డుపడతారు. అప్పుడు గ్రౌండ్‌లో పదిమంది చుట్టూ మూగేవారు. ఇప్పుడు గ్రూప్‌లో రెండొందల మంది ఉన్నా, ఎవరి గదిలో వాళ్లే.

అందుకే నా మనవి చిన్నదే. గ్రూప్‌లో ఎవరి మీదైనా అలాంటిది పడితే నవ్వే ఎమోజీ పెట్టకండి, ముందుకు పంపకండి. స్క్రీన్‌షాట్ దాచి, ఆ మనిషికి విడిగా "చూశాను, నీ తప్పేం లేదు, కావాలంటే నేనూ వస్తా, చెబుదాం" అని ఒక్క మెసేజ్ పెట్టండి. మా నాన్న క్లాసులో ఆ పిల్లాణ్ణి ఒక్కరైనా పలకరించి ఉంటే, ఏడో తరగతి తర్వాత కూడా బడికి వచ్చేవాడేమో.