కుక్కపిల్లల్లో నిద్రామూత్రం

పెంపుడు కుక్కపిల్ల పడుకొని లేచిన చోట గోనెపట్టా తడిసి ఉంటే ఇంటివారు మొదట దానిని గద్దిస్తారు. తరువాత సాయంత్రం నుండే నీటిగిన్నె తీసివేస్తారు. ఈ రెండూ పొరపాట్లే. మెలకువగా ఉండి ఇంట్లో మూత్రం విడవడం చాలావరకు అలవాటుకు సంబంధించినది. నిద్రలో తెలియకుండా మూత్రం జారడం శరీరస్థితికి సంబంధించినది. ఈ భేదాన్ని వివరించడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

మూత్రపిండాలలో తయారైన మూత్రం రెండు సన్నని నాళాల ద్వారా మూత్రాశయం చేరుతుంది. అక్కడి నుండి వెలుపలికి పోయే దారిని ప్రసేకం అంటారు. దాని చుట్టూ ఉన్న కండరాలు గడియ వలె బిగిసి మూత్రాన్ని ఆపుతాయి. ఆశయం నిండిన సంగతి నరాల ద్వారా మెదడుకు తెలిసినప్పుడు కుక్క తగిన చోటు వెదకుకొంటుంది. ఈ అదుపు పుట్టుకతో రాదు. మొదటి రెండు మూడు వారాలు తల్లి నాకితేనే కూన మూత్రం విడుస్తుంది. సాధారణంగా నాలుగు నుండి ఆరు మాసాల వయస్సుకు రాత్రంతా ఆపుకొనే శక్తి ఏర్పడుతుంది. ఆ వయస్సు దాటినా పడక తడుస్తూ ఉంటే ముఖ్యంగా నాలుగు కారణాలను పరిశీలించాలి.

మొదటిది జన్మతః వచ్చే లోపం. మూత్రనాళం ఆశయంలోకి తెరచుకొనక, దానిని దాటి ప్రసేకంలోనో యోనిలోనో తెరచుకొంటుంది. ఇది ఆడ కూనలలో ఎక్కువ. గోల్డెన్ రిట్రీవర్, లాబ్రడార్, సైబీరియన్ హస్కీ వంటి జాతులలో తరచుగా కనిపిస్తుంది. పగలూ రాత్రీ మూత్రం చుక్కలుగా కారుతుంది. ఒక నాళమే దారి తప్పితే రెండవ దాని వలన ఆశయం నిండుతుంది గనుక కూన మామూలుగా కూడా మూత్రం విడుస్తుంది. అందుచేతనే యజమాని మోసపోయి, దీనిని చెడ్డ అలవాటుగా భావిస్తాడు.

రెండవది ప్రసేక కండరాల బలహీనత. మెలకువలో పొడిగా ఉండే కూన గాఢనిద్రలో పడక తడుపుతుంది. పెద్ద జాతుల ఆడ కుక్కలలో ఇది అధికం. ఈ కండరాల బిగువుకు ఈస్ట్రోజన్ తోడ్పడుతుంది. అందువలన కొన్ని కూనలకు మొదటి ఎద తరువాత ఈ బాధ దానంతట అదే తగ్గిపోతుంది. ఇటువంటి కూనకు మొదటి ఎద రాకముందే అండాశయాలు తొలగింపజేస్తే ఆ అవకాశం పోతుంది. కాబట్టి శస్త్రచికిత్సకు తేదీ నిర్ణయించే ముందే ఈ సంగతి పశువైద్యునికి చెప్పాలి.

మూడవది మూత్రకోశానికి సూక్ష్మజీవులు సోకడం. మాటిమాటికి కొంచెం కొంచెంగా, ముక్కుతూ మూత్రం విడవడం, దుర్వాసన దీని గుర్తులు. నాల్గవది అతిమూత్రం. రోజుకు కిలో బరువుకు 100 మిల్లీలీటర్లకు మించి నీరు తాగితే మూత్రపిండాల వ్యాధినో, మధుమేహాన్నో శంకించాలి. ఇటువంటి కూనకు నీరు ఆపితే ప్రాణాపాయం. దాహంతో అలమటిస్తున్న కుక్కకు తన మేజోడుతో బావినీరు తోడి పోసినవాని పాపాలు క్షమింపబడినట్లు హదీసు తెలుపుతున్నది. నీటిగిన్నె తీసివేయబోయే చేయి ఆ సంగతి స్మరించడం మంచిది.

వైద్యుడు మొదట మూత్రపరీక్ష చేయిస్తాడు. తరువాత అవసరాన్ని బట్టి అల్ట్రాసౌండ్ వంటి పరీక్షలు జరుగుతాయి. సూక్ష్మజీవులకు తగిన మందులున్నాయి. దారితప్పిన నాళాన్ని శస్త్రచికిత్సతో సరిదిద్దవచ్చు. అయినా కొన్నిటికి ఆ తరువాత కూడా మందు అవసరమవుతుంది. బలహీన కండరాలను బిగించడానికి ఫినైల్‌ప్రొపనోలమైన్ వాడతారు. వైద్యుని సలహా లేనిదే ఏ మందూ ఇవ్వరాదు.

ఇంటివారు చేయవలసినవి స్వల్పమే. నిద్రకు ముందు కూనను బయటికి తీసుకొని పోవాలి. ఉతకడానికి వీలైన గుడ్డలు పరచాలి. తడిసిన చర్మం పుండు పడకుండా కడిగి ఆరబెట్టాలి. ఎప్పుడు తడిసింది, ఎంత నీరు తాగింది అనే వివరాలు వారం రోజులు వ్రాసి ఉంచితే వైద్యునికి ఎంతో ఉపకరిస్తుంది.

ఈ ఒక్క కారణంతో కూనను ఊరిబయట విడిచివచ్చేవారు లేకపోలేదు. ఆకలిదప్పులకు గురి అయ్యేటట్లు జంతువును విడిచిపెట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. అంతకు మించి, నిద్రలో జరిగినదానికి శిక్ష విధించడం న్యాయం కాదు. తడిసిన పడక కూన చేసిన నేరం కాదు. నోరులేని జీవి తన వ్యాధిని తెలిపే విధానమది. దానిని అర్థం చేసుకొనడం మన బాధ్యత.