పెరటిలో నాలుగు కోళ్లు – ఏ జాతి తెచ్చుకోవాలి?

నల్గొండ, మహబూబ్‌నగర్ పట్టణాల అంచులలో ఉండి సంఘానికి పాలు పోసే సభ్యులలో చాలామందికి ఇంటి వెనుక ముప్పై నలభై గజాల దొడ్డికి మించి జాగా లేదు. బర్రెను కట్టేసేది, గడ్డి వేసుకునేది, నీళ్ల తొట్టి పెట్టుకునేది అక్కడే. మొన్న ఒక పాలకేంద్రం వద్ద ఒక అక్క మమ్ములను నిలేసి అడిగింది: "బర్రె ఒట్టిపోతే నాలుగు నెలలు చేతిల పైస ఆడదు. నాలుగు కోళ్లన్న పెట్టుకుందమంటే ఒక్కొక్కలు ఒక్కొక్క జాతి చెప్తున్నరు. ఏది తేవాల్నో మీరే చెప్పుండ్రి." ఆమె ప్రశ్నకు నిలబడి రెండు మాటల్లో చెప్పగల జవాబు లేదు. అందుకే ఈ పాఠం.

ముందుగా మేము చేసిన పొరపాటు చెబుతాము. కొన్నేళ్ల క్రితం అంగడిలో గంపనిండా ఎరుపు, పచ్చ, గులాబి రంగులద్దిన పిల్లలను అమ్ముతుంటే ముచ్చటపడి పన్నెండు కొన్నాము. పది రోజులలో తొమ్మిది చచ్చాయి. మిగిలిన మూడూ పెరిగి పుంజులయ్యాయి! తరువాత విచారిస్తే సంగతి తెలిసింది. గుడ్ల ఫారాలకు పెట్టలే కావాలి గనుక హేచరీలవారు పొదిగిన నాడే మగపిల్లలను ఏరివేస్తారు. వాటికి రంగులద్ది అమ్మేవారు ఉన్నారు. అవి గుడ్డు పెట్టవు, మాంసమూ పట్టవు. సభ్యులెవరూ వాటి జోలికి పోవద్దు.

ఇక జాతుల విషయం. మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నది నాటుకోడి. దానిలో మేలైనది అసీల్. అరబ్బీలో ఆ మాటకు అసలైనది, మేలుజాతిది అని అర్థం. ఎండకు తట్టుకుంటుంది, గద్దను కనిపెడుతుంది, తన గుడ్లు తానే పొదిగి పిల్లలను లేపుతుంది. మాంసానికి మంచి ధర పలుకుతుంది. అయితే ఏడాదికి పెట్టేది యాభై, అరవై గుడ్లు. పది పన్నెండు పెట్టగానే పొదుగుకు కూర్చుంటుంది, ఆ తరువాత పిల్లలు వేరయ్యేదాకా మళ్లీ గుడ్డు ఉండదు. పైగా అసీల్ పుంజులు రెండు ఒక చిన్న దొడ్డిలో ఇమడవు, ఒకదానినొకటి చంపుకుంటాయి.

ఫారాలలోని తెల్ల లెగ్‌హార్న్ దీనికి పూర్తిగా ఎదురు. ఇటలీ దేశం నుండి వచ్చిన జాతి అది. ఏడాదికి మూడు వందల దాకా గుడ్లు పెడుతుంది. కాని అది గూటిలో ఉంచి, తూకం ప్రకారం దాణా వేసినప్పటి మాట. వదిలి పెంచితే తెల్లని రంగు గద్దకు దూరం నుండే కనిపిస్తుంది. బెదురు ఎక్కువ, గోడ దూకి పోతుంది. నల్ల మాంసపు కడక్‌నాథ్ గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. అది మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు కోడి. పెరటిలో దాని గుడ్లు ఏడాదికి నూరులోపే. పిల్ల ధర చూస్తే గుడ్ల కోసం పెంచేవారికి అది గిట్టదని మా అభిప్రాయం.

ఈ రెంటికీ నడుమ ఉన్నవి మన రాజేంద్రనగర్‌లో తయారైన కోళ్లు. అక్కడ 1988లో నెలకొన్న కోళ్ల పరిశోధన సంస్థ, పెరటి పెంపకానికని వనరాజా, గ్రామప్రియ అనే రకాలను రూపొందించింది. వనరాజా బరువైన కోడి, మాంసానికి బాగు. పెరటిలో నూరు, నూటపది గుడ్లు పెడుతుంది. గ్రామప్రియ తేలికైనది. నూట అరవై నుండి నూట ఎనభై వరకు పెడుతుంది, గుడ్డు గోధుమరంగులో ఉంటుంది. అయిదున్నర నెలలకు మొదటి గుడ్డు వస్తుంది. కాళ్లు పొడుగు గనుక కుక్క తరిమినా పరుగెత్తి తప్పించుకుంటుంది. రాజేంద్రనగర్‌లోనే పశువైద్య శాస్త్రవేత్తలు రూపొందించిన రాజశ్రీ కూడా గుడ్లలో గ్రామప్రియకు దగ్గరగా వస్తుంది. ఇవన్నీ రంగు ఈకల కోళ్లు.

అయితే ఈ అంకెలను చూసి మోసపోకూడదు. పల్లెలో కోడి కళ్లంలో గింజలు ఏరుకుంటుంది, చెదలు, పురుగులు తింటుంది. అక్కడ దానికి మనం వేసేది పిడికెడు నూకలే. పట్టణంలోని దొడ్డిలో ఏరుకునేందుకు ఏమున్నది? మేతంతా మన చేతినుండే పోవాలి. లెక్క వేసి చూద్దాం. అయిదు గ్రామప్రియ పెట్టలకు రోజుకు ఒక్కొక్కదానికి నూరు గ్రాముల చొప్పున అరకిలో, అంటే ఏడాదికి నూట ఎనభై కిలోల పైచిలుకు మేత. అవి పెట్టేది ఎనిమిది వందల గుడ్లు. ఒక గుడ్డుకు పావుకిలోకు కొద్దిగా తక్కువ. అయిదు నాటుపెట్టలు తక్కువే తింటాయి, ఎనభై గ్రాములు అనుకుందాం. ఏడాదికి నూట నలభై ఆరు కిలోలు తిని రెండు వందల డెబ్బై అయిదు గుడ్లు పెడతాయి. గుడ్డుకు అరకిలోకు పైగా పడింది! మీ ఊళ్లో నూకల ధర, జొన్నల ధర వేసుకుంటే సంగతి మీకే తేలుతుంది. వంటింటి మిగులు, అజొల్లా, కూరగాయల తొక్కు కలుపుకుంటే ఖర్చు కొంత తగ్గుతుంది. నూకలు, తవుడు మాత్రమే వేసి నూట అరవై గుడ్లు రాలేదని జాతిని నిందించేవారిని చూశాము. వేరుశనగ చెక్క కొద్దిగా, పెంకు గట్టిపడటానికి సున్నపురాయి నలుగు తప్పనిసరి. ఒక ముఖ్యమైన హెచ్చరిక: పశువుల దాణా కోళ్లకు వేయకండి. దానిలో యూరియా కలిసి ఉండవచ్చు.

కాబట్టి గోడల మధ్య దొడ్డి ఉన్నవారికి, గుడ్లే కావలసినవారికి, మా సలహా గ్రామప్రియ లేదా రాజశ్రీ. అదీ అయిదారు పెట్టలకు మించకుండా. చుట్టూ చెలకలు ఉండి తిరిగే చోటున్నవారు నాటుకోడిని వదులుకోనక్కరలేదు. పుంజు అవసరమే లేదు. పుంజు లేకున్నా పెట్ట గుడ్లు పెడుతుంది, అటువంటి గుడ్డు ఎక్కువ రోజులు నిలువ ఉంటుంది. తెల్లవారుజామున కూత ఉండదు గనుక పక్కింటివారితో తగవూ ఉండదు. ఈ రకాల గుడ్లను పొదిగించి మళ్లీ అదే రకాన్ని సంపాదించాలనుకోవడం మాత్రం పొరపాటు. తరువాతి తరం తల్లి లాగ రాదు. ప్రతిసారీ పిల్లలను కొత్తగా తెచ్చుకోవలసిందే. రోజు పిల్లలను తెస్తే మొదటివారం ముప్పై రెండు నుండి ముప్పై అయిదు డిగ్రీల వెచ్చదనం ఇవ్వాలి. ఒకరిద్దరు సభ్యులు నర్సరీగా పెంచి ఆరు వారాల పిల్లలను మిగతావారికి ఇవ్వగలిగితే అంతకంటే మేలు లేదు.

జాతి ఏదైనా కొక్కెర తెగులు వచ్చిందంటే దొడ్డి ఖాళీ. కోడి మెడ తిప్పుకొని, ఆకుపచ్చగా పారుతూ, నాలుగు రోజులలో పోతుంది. మందు లేదు, టీకాయే దిక్కు. మొదటి వారంలో లసోటా చుక్క కంటిలో వేయాలి, ఎనిమిది వారాలు దాటాక ఆర్.టు.బి. సూది వేయించాలి. చిక్కేమిటంటే టీకా సీసాలో నూరు కోళ్లకు, రెండు వందల కోళ్లకు సరిపడా మందుంటుంది. కలిపిన తరువాత గంట రెండు గంటలలో వాడెయ్యాలి. అయిదు కోళ్ల కోసం సీసా ఎవరు విప్పుతారు? అందుకని సంఘం కార్యదర్శులు ఒక రోజు నిర్ణయించి, పొద్దున పాలు పోయడానికి వచ్చేటప్పుడే కోళ్లను గంపలో తెమ్మని చెప్పి, పశువైద్య సిబ్బందిని పిలిపించగలిగితే వీధివీధంతా ఒక్క పూటలో అయిపోతుంది. ఒక్కసారిగా చాలా కోళ్లు చస్తే మాత్రం వాటిని కోయకుండా, అమ్మకుండా వెంటనే పశువుల దవాఖానలో తెలపాలి.

పాడి సభ్యులుగా మనకు ఇంకొక జాగ్రత్త ఉన్నది. పాలు పితికి, గిన్నె కేంద్రానికి చేరేదాకా కోళ్లను గంప కిందనే ఉంచండి. రెట్ట, ఈక, దుమ్ము పాలలో పడకూడదు. బర్రె గడ్డి తినే చోట కోళ్లను ఎక్కనివ్వవద్దు. రాత్రి గూడు కోడికి అడుగున్నర చదరపు జాగా చొప్పున, నేలకు ఎత్తుగా, కొట్టానికి వేరుగా కట్టుకోవాలి. గోడ పగుళ్లలో కోడి గోమార్లు చేరకుండా సున్నం కొట్టాలి.

మన బర్రెలు ఎక్కువగా వానాకాలం చివర ఈని, ఎండలు ముదిరేసరికి ఒట్టిపోతాయి. శ్రావణమాసంలో ఆరు వారాల గ్రామప్రియ పిల్లలను తెచ్చుకుంటే సంక్రాంతి నాటికి గుడ్లు మొదలవుతాయి. మాఘ, ఫాల్గుణాలలో, అంటే పాలబిల్లు తగ్గే రోజులలో, జోరుగా పెడతాయి. ఆ తరువాతి ఎండలకు గుడ్లు కొంత తగ్గుతాయి గనుక నీడ, రోజుకు మూడుమార్లు చల్లని నీరు చూసుకోవాలి. రాజేంద్రనగర్ పిల్లలకు గిరాకీ ఎక్కువ. కావలసినవారు తమ పేరు, పిల్లల సంఖ్య సంఘం కార్యదర్శి వద్ద ముందుగానే రాయించుకోగలరు.