గోడ ముందు నిలబడి నేర్చుకున్నవి

కరీంనగర్‌లో నలభై ఏళ్లు సైన్‌బోర్డులు, సినిమా కటౌట్లు, ఎన్నికల గోడరాతలు రాసి బతికినవాణ్ని. ఫ్లెక్సీలొచ్చి కుంచెను మూలన పడేశాయి. మళ్లీ గోడబొమ్మల కాలం వచ్చేసరికి నాకు చూపు తగ్గింది. చూడటం మాత్రం అప్పుడే వచ్చింది.

1. బొమ్మకన్నా ముందు గోడను చూడు.

కొత్త గచ్చు ఆరకముందే, ప్రైమర్ కూడా కొట్టకుండా బతుకమ్మ బొమ్మ వేశాను. ఒక్క వానాకాలానికే తంగేడు పసుపు మీద తెల్లగా ఉప్పు పూసింది. గచ్చులోని ఉప్పు తడితోపాటు బయటికొస్తుంది, పైన ఎన్ని పూతలేసినా ఆగదు. ఇప్పుడు ఏ గోడబొమ్మ దగ్గరికెళ్లినా ముందు దాని అడుగు భాగం చూస్తాను. వేసినవాడి ఓపిక ఎంతో అక్కడ తెలిసిపోతుంది.

2. రోడ్డు అవతలికెళ్లి కళ్లు సగం మూసుకో.

వివరాలు మాయమై ముదురు, లేత రంగుల ముద్దలే మిగులుతాయి. బొమ్మ వాటి మీదే నిలబడాలి. నిర్మల్ చిత్రంలో నల్లటి నేపథ్యం మీద బంగారు గీత మెరిసేది అందుకే. తర్వాత దగ్గరికి రా. స్ప్రే అంచు పొగలా చెదురుతుంది, కుంచె అంచు కోసినట్టుంటుంది.

3. నీడ వేయడం వచ్చినంత మాత్రాన వేయాలని లేదు.

మన పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన చిత్రకారుడు తోట వైకుంఠం గారి బొమ్మల్లోని ఆడవాళ్లను చూడు. పెద్ద బొట్టు, చామనఛాయ ఒళ్లు, కలగలపని ఎరుపు, పసుపు, చుట్టూ గట్టి గీత. ఆ గీతే ఒంటికి నిండుదనం ఇస్తుంది. నేను ఒక గోడ మీద అలాంటి మనిషినే వేస్తూ, కటౌట్ల అలవాటుకొద్దీ బుగ్గలకు నీడలు దిద్దాను. పని ఇచ్చినాయన "నల్లగుంది, జర తెల్లగ చెయ్" అన్నాడు. చేశాను. బొమ్మ చెడింది సరే, మా అమ్మ రంగును నా చేత్తో నేనే చెరిపానే అన్నది ఇప్పటికీ గుచ్చుతుంది.

4. బట్టలు, నగలు చూసి వేస్తే వేషమే వస్తుంది, మనిషి రాడు.

ఆదిలాబాద్‌లో గుస్సాడీని, అంటే నెమలి ఈకల టోపీ పెట్టుకుని ఆడే గోండు నాట్యకారుణ్ని, ఒక గోడ మీద వేశాను. చిన్న కాగితం మీద గీసి, గళ్లు కొట్టి గోడకు పెంచాను. నెమలి ఈకల టోపీకే రెండు రోజులు పట్టింది. ఒక గోండు పెద్దాయన చాలాసేపు చూసి, "మా గుస్సాడీ ఆడ్తలేడు సార్, ఫొటోకు నిలవడ్డడు" అన్నాడు. నిజమే. రెండు కాళ్ల మీదా బరువు సమానంగా పెట్టాను. మోకాలు వంగలేదు, చేతిలో కర్ర ఊరికే ఉంది. గుస్సాడీ కళాకారుడు మర్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు ఆయన నాట్యం టీవీలో చూశాను. నా కళ్లు టోపీ మీదికి పోలేదు, పాదాల మీదే నిలిచాయి. అదే చూపు ఆ గోడ ముందు ఉండాల్సింది.

ఆ గోడ రోడ్డు వెడల్పులో పోయింది. నా దగ్గర ఫొటో కూడా లేదు. నీ ఊళ్లో గోడబొమ్మ కనిపిస్తే రోడ్డు అవతలి నుంచి ఒకటి, దగ్గరి నుంచి ఒకటి తీసి పెట్టుకో.