ప్రాక్సీ సర్వర్‌కు ప్యాచ్ ఎందుకు వెంటనే వేయాలి?

కంప్యూటర్ చదువులో పీజీ దాకా వచ్చిన మేము, ఫిలింనగర్ సినిమా ఆఫీసులకూ మన హాస్టల్ కంప్యూటర్ గదికీ సమానంగా పనికివచ్చే ఒక పాఠాన్ని ఇక్కడ వివరిస్తున్నాము.

ప్రాక్సీ అనగానేమి?

క్లాసుకు రాని స్నేహితుని బదులు "ప్రెజెంట్ సార్" అనడాన్ని మనం ప్రాక్సీ అంటాం. వెబ్ ప్రాక్సీ సర్వర్ పని కూడా ఇంచుమించు అదే. ఆఫీసులోని కంప్యూటర్లు నేరుగా ఇంటర్నెట్‌కు వెళ్లకుండా దీనిని అడుగుతాయి. అది వాటి బదులు వెళ్లి పేజీ తెచ్చి ఇస్తుంది. ఎవరు ఏ సైటుకు వెళ్లారో రాసుకుంటుంది, వద్దన్న సైట్లను ఆపుతుంది. 1990లలో మొదలైన స్క్విడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనికి నేటికీ వాడుకలో ఉంది. రాకపోకలన్నీ ఈ ఒక్క గేటు గుండానే కనుక, గేటులో లోపముంటే లోపలివారందరికీ ముప్పే.

ప్యాచ్ అనగానేమి?

సైకిల్ ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు వచ్చినచోట షాపతను ప్యాచ్ వేస్తాడు. సాఫ్ట్‌వేర్‌లోనూ లోపం దొరికినచోట సరిచేసి కొత్త వెర్షన్ ఇస్తారు. అయితే ఒక తేడా ఉంది. సాఫ్ట్‌వేర్ ప్యాచ్ విడుదలైన రోజునే కన్నం ఎక్కడుందో దొంగకూ తెలుస్తుంది. పాత ప్రోగ్రామును, కొత్తదానిని పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. కావున ప్యాచ్ వచ్చాక కూడా వేయకుండా గడిపే రోజులే ఎక్కువ ప్రమాదకరం.

2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ విండోస్ లోపానికి ప్యాచ్ ఇచ్చింది. మే 12న వానాక్రై వైరస్ అదే లోపం ద్వారా ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. మధ్యలో దాదాపు రెండు నెలల గడువు ఉంది!

స్క్విడ్ సంగతే చూద్దాం. 2025 అక్టోబరులో సీవీఈ-2025-62168 అనే లోపం బయటపడింది. పేజీ దొరకనప్పుడు స్క్విడ్ చూపే ఎర్రర్ పేజీలో లాగిన్ రహస్యాలు కూడా చేరిపోయే వీలుంది. 7.2 వెర్షన్‌లో దీనిని సరిచేశారు. అందాకా ఆగలేనివారికి, ఎర్రర్ పేజీలోని మెయిల్ లింకులో వివరాలు చేర్చే సెట్టింగును ఆపివేయమని చెప్పారు.

ఫిలింనగర్‌కు ఏమి సంబంధం?

ఒకప్పుడు సినిమా రీళ్ల డబ్బాల్లో థియేటర్‌కు వెళ్లేది. నేడు సినిమా అంటే ఒక డిజిటల్ ఫైలు. జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ఎడిటింగ్ గదుల్లో తయారైనది సర్వర్లు దాటి థియేటర్‌కు చేరుతుంది. 2025 సెప్టెంబరులో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఒక పైరసీ ముఠా అరెస్టును ప్రకటించారు. థియేటర్లో ఫోనుతో దొంగచాటుగా తీసినవారే కాక, సినిమాలు పంపే డిజిటల్ సంస్థల సర్వర్లలోకి చొరబడినవారు కూడా ఉన్నారని తెలిపారు. ఒక్క ఫైలు బయటపడితే నిర్మాతతో పాటు లైట్‌మన్, జూనియర్ ఆర్టిస్టుల రేపటి పని కూడా దెబ్బతింటుంది.

అయితే ప్యాచ్ సర్వరోగ నివారిణి కాదు. 2013లో "అత్తారింటికి దారేది" విడుదలకు ముందే బయటకు రావడానికి కారణం లోపలి మనుషుల ద్వారా వెళ్లిన కాపీ అని పోలీసులు తేల్చారు. అలాంటి కన్నాన్ని ఏ వెర్షనూ పూడ్చలేదు.

ప్యాచ్ వేసే క్రమం

1. మెస్ స్టాక్ రిజిస్టర్ లాగా, ఏ మిషన్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్ ఉందో రాసిపెట్టుకోవాలి.
2. స్క్విడ్ వారి ప్రకటనలను, భారత ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ హెచ్చరికలను క్రమం తప్పక చదవాలి.
3. సెట్టింగుల ఫైలుకు కాపీ తీసి దాచాలి.
4. ముందుగా వేరే మిషన్‌లో ప్యాచ్ వేసి పరీక్షించాలి.
5. వాడకం తక్కువగా ఉన్న వేళ అసలు సర్వర్‌లో వేసి, ప్రోగ్రామును రీస్టార్ట్ చేయాలి. లేకపోతే మెమరీలో పాతదే నడుస్తూ ఉంటుంది.
6. చివరగా వెర్షన్ సరిచూడాలి. ఉబుంటు, డెబియన్‌లు పాత నంబరుతోనే ప్యాచ్ చేర్చి ఇవ్వవచ్చు. కనుక వాటి ప్రకటన కూడా చూడాలి.

శుక్రవారం సినిమా విడుదలైతే గురువారం రాత్రి సర్వర్ ఆపుతామంటే ఎవరూ ఒప్పుకోరు. అందుకే ప్యాచ్‌కు వారంలో ఒక రోజు, ఒక బాధ్యుడు ముందే నిర్ణయమై ఉండాలి. అందరి పని అంటే ఎవరి పనీ కాదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఆ బాధ్యుడి ఉద్యోగం మీది కావచ్చు. మనలో చాలామందికి ఇంట్లో కంప్యూటర్ లేదు, దారి చెప్పేవారూ లేరు. కానీ లైనక్స్, స్క్విడ్ రెండూ ఉచితమే. కంప్యూటర్ గదిలోని ఒక పాత మిషన్‌పై వార్డెన్ గారి అనుమతితో నేర్చుకోవచ్చు. పరుల సర్వర్‌పై మాత్రం ప్రయోగాలు వద్దు. ఐటీ చట్టం 66వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలు ఉంటుంది. స్కాలర్‌షిప్ దరఖాస్తులో మన ఆధార్, బ్యాంకు నంబర్లు నింపేది ఆ గదిలోనే. కాబట్టి మొదటి రిజిస్టర్ అక్కడి నుండే మొదలుపెట్టండి.